స్వర్ణ పంపని మెయిల్

విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత స్వర్ణది. పిల్లలు పెన్‌డ్రైవుల్లో పాటలతో పాటు వైరస్‌లనీ మోసుకొచ్చేవారు. ఒక వారం ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి. ఇంకో వారం బ్రౌజర్ తెరిస్తే చాలు, ఎవరూ అడగని టూల్‌బార్లు ఒకదాని కింద ఒకటి వేలాడేవి. స్వర్ణ విసుక్కోకుండా ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని, చెత్తనంతా ఏరి పారేసేది. ఆమె చెయ్యి పడితే ఎంత మొరాయించిన మిషనైనా దారికొస్తుందని కాలేజీలో అందరూ అనేవారు.

అలాంటి మనిషి తన ఇంట్లోని కంప్యూటర్‌ని ఏనాడూ అనుమానించలేదు.

ఇల్లు నెల్లిమర్లలో. భర్త రాబర్ట్ ఆమెకు స్వయానా మేనమామ కొడుకు. విజయనగరంలో ఒక బీమా ఏజెన్సీలో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు. తాగుడు లేదు. గొంతు పెంచి మాట్లాడడం అసలే లేదు. పెళ్ళయిన కొత్తలోనే స్వర్ణ కోసమని కంప్యూటర్ కొని, హాల్లో కిటికీ పక్కన బల్ల మీద పెట్టించాడు. అల్లుడంటే అలా ఉండాలని స్వర్ణ తల్లి జ్ఞానసుందరి నలుగురికీ చెప్పుకునేది. అన్న కొడుకాయె, అసలే ఆమెకు ముద్దు.

మొదటి సంగతి అన్నం దగ్గర జరిగింది.

పెళ్ళయి చాన్నాళ్ళయినా వాళ్ళకి పిల్లలు లేరు. స్వర్ణ ఒక్కతే విశాఖపట్నం వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. నీలో లోపమేమీ లేదు, ఈసారి మీ ఆయన్ని తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఆ మాట రాబర్ట్‌తో ఎలా ఎత్తాలో తెలియక, ఒక మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని తన బెంగంతా పద్మకుమారికి మెయిల్ రాసుకుంది. పద్మకుమారి అదే కాలేజీలో కామర్స్ లెక్చరర్. కడుపులో మాట చెప్పుకోవడానికి స్వర్ణకు ఉన్నది ఆ ఒక్కతే.

తర్వాత రెండు రోజులకు రాబర్ట్ చారు కలుపుకుంటూ, తలెత్తకుండానే అడిగాడు.

"నాలో లోపముందని ఎంతమందికి సెప్పేవు?"

స్వర్ణ చేతిలో గరిట ఆగిపోయింది. "ఎవులన్నారు బావా?"

"ఎవులైతే ఏటి? మీ కాలేజీలో నోళ్ళకి తలుపులుండవు. అందర్నీ నమ్మీకు స్వర్ణా."

అంతే. మజ్జిగ పోయించుకుని, చెయ్యి కడుక్కుని లేచాడు. ఆయన అరిచి ఉంటే నయమని స్వర్ణ ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. అరిస్తే ఎదురు చెప్పొచ్చు. ఇలా మెత్తగా అనేసి ఊరుకుంటే, తప్పంతా తనదే అనిపించేది.

ఆపైన ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. తనతో చదివిన అబ్బాయికి పెళ్ళి శుభాకాంక్షలు పంపానని పద్మకు రాస్తే, "ఆడి పెళ్ళి నీకంత సంబరమా?" అని అడిగాడు. చర్చి కమిటీ తీరు నచ్చలేదని పద్మకు రాస్తే, పాస్టరు అయ్యగారి గురించి బయట మాట్లాడకు అన్నాడు. ప్రతిసారీ మాట వెళ్ళింది పద్మకుమారికే. పద్మ నోరు జారుతోందేమోనని మొదటిసారి అనిపించినప్పుడు స్వర్ణ తన మీద తనే అసహ్యపడింది. రెండోసారి అంత అసహ్యం కలగలేదు.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు, శ్రీకాకుళంలో ఒక శిక్షణ సంస్థ కంప్యూటర్ టీచరు కావాలని ప్రకటన వేసింది. జీతం మెరుగు, ఉండడానికి గది కూడా ఇస్తారు. స్వర్ణ ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. ఇంటి కంప్యూటర్‌లోంచే వస్తానని జవాబిచ్చి, ఆ సంగతి పద్మకు మాత్రమే చెప్పింది. ఇంటర్వ్యూ రోజు కాలేజీకని బయల్దేరి శ్రీకాకుళం బస్సెక్కింది.

అక్కడి ఆఫీసులో గుమస్తా ఆమె పేరు విని కాగితాలు వెతికాడు. "మీరు రాలేనని మెయిల్ పెట్టేరు కదమ్మా. మీ బదులు ఇంకొకర్ని పిలిసేసినాం."

"నేను పెట్టలేదండీ."

ఆయన కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. మెయిల్ ఆమె అడ్రసు నుంచే వచ్చింది. కుటుంబ కారణాల వల్ల హాజరు కాలేకపోతున్నాను, నా దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నాను అని ఇంగ్లీషులో పొందికగా ఉంది. కింద ఆమె పేరు. లోపల ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దమనిషి బయటికొచ్చి, విషయం విని, ఇప్పుడేమీ చెయ్యలేమమ్మా అన్నాడు.

తిరుగు ప్రయాణంలో స్వర్ణ ఆలోచన ఒక్కచోటే తిరిగింది. ఇంటర్వ్యూ సంగతి తెలిసింది పద్మకి. తను సెలవులో ఉన్నప్పుడు మార్కులు పంపమని మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చింది కూడా పద్మకే. మూడో మనిషి లేరు.

మరునాడు స్టాఫ్‌రూములో అందరూ క్యారేజీలు విప్పుకుంటున్న వేళ స్వర్ణ లోపలికొచ్చి పద్మకుమారి ముందు నిలబడింది.

"నీకు నేనేం అన్యాయం చేశాను పద్మా? నా ఉద్యోగం పోగొట్టి నువ్వేం బావుకున్నావు?"

పద్మకుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో రంగు మారింది. "ఏటి మాటలాడుతున్నావు నువ్వు?"

"నా సంసారం సంగతులన్నీ మా ఇంటాయనకి మోస్తన్నది నువ్వే. నా పేరున దొంగ మెయిల్ పెట్టిందీ నువ్వే. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

ఎవరూ కలగజేసుకోలేదు. పద్మకుమారి అన్నం ముద్ద గిన్నెలో వదిలేసి, బయటి కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చెయ్యి కడుక్కుంది. తర్వాత ప్రిన్సిపాల్ పిలిచి, ఒకరి పాస్‌వర్డు ఇంకొకరు వాడడం మంచిది కాదని ఆమెనే మందలించాడట. పరీక్షల పని నుంచి తప్పించారు. ఆ టెర్ము అయ్యాక ఆమె ఉద్యోగం మానేసి బొబ్బిలిలో జూనియర్ కాలేజీలో చేరింది. వెళ్ళేముందు స్వర్ణ వైపు చూడలేదు.

రాబర్ట్ ఆ రోజుల్లో ఎంతో దయగా ఉన్నాడు. "ఊరుకో. నమ్మినోళ్ళే అలా సేస్తారు," అని భుజం తట్టాడు. స్వర్ణ ఆ చేతి మీద తల వాల్చి ఏడ్చింది.

నిజం బయటపడింది ఒక శనివారం మధ్యాహ్నం. రాబర్ట్ ఆఫీసు మీటింగుకని విశాఖపట్నం వెళ్ళాడు. స్వర్ణ సండేస్కూలు పిల్లలకు ప్రశ్నలు టైపు చేస్తోంది. నెట్ తెరవలేదు, పాట కూడా పెట్టలేదు. అయినా మోడెం మీది లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కొన్ని నెలలుగా నెట్ ప్యాకేజీ నెల తిరక్కుండానే అయిపోతోంది. నువ్వు వీడియోలు ఎక్కువ చూస్తున్నావని రాబర్ట్ అనేవాడు. ఆమె చూసేది ఏమీ లేదు.

ఏ పెన్‌డ్రైవులోంచో వైరస్ పురుగు అంటుకుందనుకుంది. ల్యాబులో చేసినట్టే చేసింది. తెరిచినవన్నీ మూసి, లోపల ఇంకా ఏమేం నడుస్తున్నాయో చూసింది. ఆ వరసలో ఒక పేరు దగ్గర ఆమె కన్ను ఆగింది. విండోస్ సొంత ప్రోగ్రాము పేరులాగే ఉంది, కానీ మధ్యలో ఒక అక్షరం ఎక్కువ. అది విండోస్ ఫోల్డర్‌లోంచి కాకుండా, దాచి ఉంచిన వేరే ఫోల్డర్‌లోంచి నడుస్తోంది. కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ దానంతటది లేచేలా పెట్టి ఉంది.

మరి యాంటీవైరస్ దీన్నెందుకు పట్టుకోలేదు? సెట్టింగులు తెరిచింది. ఈ ఒక్క ఫోల్డర్ జోలికి పోవద్దని యాంటీవైరస్‌కి ఎవరో చెప్పి ఉంచారు. అలా చెప్పాలంటే యాంటీవైరస్ పాస్‌వర్డ్ తెలియాలి. పురుగుకి పాస్‌వర్డ్ తెలియదు. అది తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే.

స్వర్ణ లేచి మంచినీళ్ళు తాగొచ్చి, ఫోల్డర్ తెరిచింది.

లోపల అంతా తనే ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతిసారీ తెర మీద కనిపించినవాటి ఫొటోలు. టైపు చేసిన ప్రతి అక్షరం. తుడిచేసి మళ్ళీ రాసుకున్న మాటలు కూడా. డాక్టరమ్మ సంగతి రాసిన మెయిల్. తల్లికి రాయాలని మొదలుపెట్టి, ఈ ఇంట్లో ఉండలేనమ్మా అన్న ఒక్క ముక్క దగ్గర ఆపి చెరిపేసిన ఉత్తరం. అన్నీ మూటకట్టి ఒక మెయిల్ అడ్రసుకి వెళ్తున్నాయి. ఆ అడ్రసు రాబర్ట్ ఆఫీసులో వాడేది.

శ్రీకాకుళం ఇంటర్వ్యూకి ముందు, ఆ దొంగ మెయిల్ వెళ్ళిన ఆదివారం నాటివి వెతికింది. ఆ పొద్దున తను సండేస్కూలులో ఉంది. ఒంట్లో బాగోలేదని రాబర్ట్ చర్చికి ఆలస్యంగా వచ్చాడు. ఆ పొద్దునే ఎవరో ఆమె మెయిల్ తెరిచి, కుటుంబ కారణాల వల్ల అని టైపు చేశారు. ఒక మాట తప్పు పడితే దిద్దారు. పంపాక, పంపినట్టు ఆనవాలు లేకుండా తీసేశారు. ఎవరు టైపు చేస్తున్నారన్న తేడా ఆ ప్రోగ్రాముకు తెలియదు. తనను పెట్టినవాడు కొట్టిన అక్షరాలనీ అది అంతే శ్రద్ధగా దాచి ఉంచింది.

స్వర్ణకు ముందుగా భర్త మీద కోపం రాలేదు. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటున్న పద్మకుమారి వీపు కళ్ళ ముందు నిలిచింది.

కాసేపటికి తేరుకుంది. ఆ ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి, పర్సులో పెట్టుకుంది. అప్పుడు నెట్ తీగ పీకి, ప్రోగ్రామును ఆపి, మొదట్లోనే లేచే చోటు నుంచి దాని పేరు కొట్టేసి, ఫోల్డర్ తుడిచేసింది. యాంటీవైరస్‌కి చెప్పి ఉంచిన మినహాయింపు తీసేసి, మొత్తం వెతకమని పెట్టింది. మూలన ఇంకో ముక్క దొరికింది. అదీ తీసేసింది. మళ్ళీ వెలిగించి, తీగ తగిలించి చూస్తే మోడెం లైటు కుదురుగా ఉంది.

సాయంత్రం రాబర్ట్ వస్తూనే ఆమె ముఖం చూశాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కుర్చీలో కూర్చున్నాడు.

"తీసీసినావా?" అన్నాడు.

"ఆ మెయిల్ పెట్టింది నువ్వే."

"నేనే."

"పద్మని అన్నేసి మాటలన్నాను. నువ్వు సూస్తా ఊరుకున్నావు."

"నేను పద్మ పేరెత్తేనా? నువ్వే అనుకున్నావు."

నిజమే, అతను ఏనాడూ పేరు ఎత్తలేదు.

"నా ఇంట్లో ఏటి జరుగుతున్నాదో నాకు తెలవకూడదా?" అన్నాడు రాబర్ట్.

"దొంగలాగా తెలుసుకోవాలా బావా?"

"అడిగితే సెప్తావా? శ్రీకాకుళం ఎల్తన్నానని సెప్పేవా? నిన్ను ఏనాడైనా కొట్టేనా? తాగొచ్చేనా? నువ్వు ఎల్లిపోతే నేనేటైపోవాలి?"

కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. అది చూశాకే స్వర్ణకు నిజంగా భయం వేసింది. ఈ మనిషి తను చేసిన పనిని ప్రేమే అనుకుంటున్నాడు. మళ్ళీ చేస్తాడు.

మరునాడు ఆరాధన అయ్యాక రాబర్టే పాస్టర్ కృపానిధిని ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన ప్రార్థన చేసి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

"భార్యాభర్తల నడుమ రహస్యాలేటమ్మా? మనసులో తప్పు లేనప్పుడు ఎవులు సూస్తే ఏటి?"

"మరి ఆయన నాకు సెప్పకుండా పెట్టింది రహస్యం కాదా అయ్యగారూ?"

ఆయన రాబర్ట్ వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "ఉద్యోగం మాట దాయడం నీ తప్పు. ఇది ఆడి తప్పు. సరికి సరి అయిపోయింది. ఇంకొదిలీండి."

స్వర్ణ వదల్లేదు. సోమవారం స్టాఫ్‌రూములో అందరి ముందూ నిలబడి, పద్మకుమారి ఏ తప్పూ చెయ్యలేదని, అన్యాయంగా మాటలన్నది తనేనని చెప్పింది. అందరూ విన్నారు. తెలుగు మేష్టారు క్యారేజీ మూత పెట్టుకుంటూ, "ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా, ఆవిడ వెళ్ళిపోయింది కదా," అన్నాడు. ఆ రోజే స్వర్ణ సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళి బొబ్బిలి బస్సెక్కింది.

పద్మకుమారి ఇంటికొచ్చిన మనిషిని లోపలికి రమ్మంది. కుర్చీ వేసింది. స్వర్ణ చెప్పిందంతా గుమ్మానికి ఆనుకుని విన్నది.

"నన్నడిగితే సెప్పేదాన్ని కదా స్వర్ణా," అంది చివరికి. "ఒక్కసారి పక్కకి పిలిసి, పద్మా, ఇది నువ్వు సేసేవా అని అడగొచ్చు. అందరి ముందూ తేల్చీసినావు. నేనింక బతికున్నన్నాళ్ళూ ఆ కాలేజీలో ఫ్రెండు ఉద్యోగం పోగొట్టినదాన్నే."

"అందరికీ సెప్పేను పద్మా. తప్పు నాదని."

"మంచిదే. టీ తాగుతావా?" అంది. అది మర్యాదకు అడిగిన మాటని స్వర్ణకు తెలిసింది. వద్దని లేచింది. పద్మకుమారి వీధి చివరిదాకా వచ్చింది కానీ, మళ్ళీ రమ్మనలేదు.

బొబ్బిలి బస్టాండులో రాబర్ట్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

స్వర్ణ నిలబడిపోయింది. అతను పక్కన చోటు చూపించాడు. "పద్మ ఏటంది? క్షమించిందా?"

తను ఇక్కడికొస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. మెయిల్ రాయలేదు. ఇంట్లో కంప్యూటర్ ముట్టనే లేదు. చేతిలో సంచి, సంచిలో పర్సు, పర్సులో ఫోను. పోయిన క్రిస్మస్‌కి రాబర్ట్ ఇచ్చిన ఫోను.

బస్సులో అతని పక్కనే కూర్చుని, అతను చూస్తుండగానే ఫోను సెట్టింగులు తెరిచింది. ఫోను మీద పూర్తి పెత్తనం ఉన్న యాప్‌ల వరసలో, ఫోనుతో పాటే వచ్చినట్టు కనిపించే పేరు ఒకటి ఉంది. దాన్ని తీసేయబోతే పాస్‌వర్డ్ అడిగింది. స్వర్ణ ఫోనుని రాబర్ట్ ముందు పట్టుకుంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఫోను మొత్తం తుడిచేస్తే అది కూడా పోతుందని ఆమెకు తెలుసు. కానీ ఆ ఫోను ఇంక ముట్టుకోబుద్ధి కాలేదు. విజయనగరంలో దిగి, సిమ్ము తీసుకుని, ఫోను అతని చేతిలో పెట్టింది.

"నేను గరివిడి ఎల్తన్నాను. నువ్వు రాకు."

అతను రాలేదు.

గరివిడిలో తల్లిది సొంత ఇల్లు. తండ్రి ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో కట్టింది. జ్ఞానసుందరి కూతురు చెప్పింది విని నిట్టూర్చింది. స్వర్ణ బటన్ల ఫోను ఒకటి కొనుక్కుంది. ల్యాబులో తను స్వయంగా విండోస్ కొత్తగా ఎక్కించిన సిస్టమ్ మీద కూర్చుని పాస్‌వర్డులన్నీ మార్చుకుంది. పొద్దున ప్యాసింజరులో కాలేజీకి, సాయంత్రం తిరిగి ఇంటికి. కొన్ని వారాలు అలా గడిచేసరికి, వీపు వెనక ఎవరో ఉన్నారన్న భయం తగ్గింది. కంటినిండా నిద్ర పట్టింది.

పెన్‌డ్రైవు పట్టుకుని ఒక ఆడ లాయరు దగ్గరికి వెళ్దామని నిశ్చయించుకుంది. ఫోనులో మాట్లాడలేదు, ఎక్కడా రాయలేదు. రేపు కోర్టు దగ్గర పని ఉంది, ఆలస్యమవుతుందని తల్లితో మాత్రం అంది.

కోర్టు గేటు ఎదురుగా, టీ బడ్డీ పక్కన, స్కూటర్ మీద రాబర్ట్ కూర్చుని ఉన్నాడు. పలకరించలేదు. ఆమెను చూసి, చూపు దించుకున్నాడు. స్వర్ణ లాయరు గది దాకా వెళ్ళలేక వెనక్కి తిరిగింది. ఆటోలో కూర్చుని కొత్త ఫోను బ్యాటరీ ఊడదీసి చూసింది. పెన్‌డ్రైవు తిప్పి తిప్పి చూసింది. సంచి కుట్లు తడిమింది. ఎక్కడా ఏమీ లేదు. తనకి పిచ్చెక్కుతోందేమో అనుకుంది.

ఇంటికి చేరేసరికి తల్లి పెరట్లో ఉంది. గొంతు వినిపిస్తోంది.

"ఆఁ బాబూ, గేటు సప్పుడైంది, వచ్చీసినట్టుంది... పొద్దున ఏటీ తినకుండా ఎల్లింది... రేపటి మాట తెలవదు, కనుక్కుని సెప్తాను."

జ్ఞానసుందరి వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఫోను దాచబోలేదు.

"రోజూ సెప్తన్నావా అమ్మా?"

"అడుగుతాడు, సెప్తాను. నా అన్న కొడుకే. పిల్ల తిన్నాదా, పడుకున్నాదా అని ఏడుస్తా అడిగితే, పెట్టీ ఫోను అనమంటావా?"

"కోర్టు మాట కూడా సెప్పేవు."

"అందులో దాయడానికేటున్నాది? ఆడొచ్చి నాలుగు మాటలు మాటాడితే సర్దుకుంటారని సెప్పేను. నీ మంచికే కదా."

స్వర్ణ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తల్లి మీద అరవాలనిపించలేదు. తల్లి ముఖంలో దాపరికమే లేదు. మాటలు మోస్తున్నానన్న ఊహే ఆ మనిషికి లేదు. చాలాసేపటికి లేచి, ముఖం కడుక్కుని, బట్టలు సంచిలో సర్దుకోసాగింది. లాయరుని కలవడం మానలేదు. కలవడానికి ముందు ఉండడానికి ఒక చోటు కావాలి. విజయనగరంలో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టళ్ళు రెండుమూడు ఉన్నాయని విన్నది. ఏదో ఒకటి దొరక్కపోదు.

"ఎక్కడికే?" అంది జ్ఞానసుందరి, సంచి చూసి.

"టౌనుకి."

"టౌనులో ఎక్కడ? అదైనా సెప్పవా తల్లికి?"

"సెప్తే ఆయన అడిగినప్పుడు దాస్తావా అమ్మా?"

జ్ఞానసుందరి ఆలోచించింది. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు. "ఎలా దాస్తానే," అంది.

"అందుకే."

తల్లి లోపలికెళ్ళి పొద్దుటి రొట్టెలు కాగితంలో చుట్టి తెచ్చి సంచిలో పెట్టింది. స్వర్ణ వద్దనలేదు. చెప్పులు వేసుకుని వాకిట్లోకి దిగింది. జ్ఞానసుందరి గేటు దాకా వచ్చింది. ఏ బండికి ఎల్తన్నావని అడగబోయి, కూతురి ముఖం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.